పైకి గాయం లేని తలదెబ్బ: బెంగళూరులో అండగా ఉండేవాళ్లు చేయాల్సింది

"నీకు తలకు గాయమైందా?" అని అడిగితే, ఇంట్లో భర్త చేతిలో దెబ్బలు తిన్న ఆడవాళ్లు చాలామంది లేదనే అంటారు. రక్తం కారితేనే గాయం అనుకుంటారు మరి. అందుకే జరిగిన పనినే అడగండి: జుట్టు పట్టి గోడకేసి కొట్టాడా? పట్టుకుని గట్టిగా ఊపాడా? గొంతు పిసికాడా? అప్పుడు కళ్లు బైర్లు కమ్మాయా, తెలివి తప్పిందా? భర్త, అత్తగారు పక్కన లేనప్పుడు అడగాలి. ఆస్పత్రిలో కన్నడం రాదన్న సాకుతో భర్తే ఆమె తరఫున మాట్లాడబోతే ఒప్పుకోవద్దు. తెలుగు తెలిసిన నర్సును పిలవమనండి.

ఆగకుండా వాంతులు, అంతకంతకూ పెరిగే తలనొప్పి, మత్తు, ఫిట్స్, మాట తడబడటం, ఒక వైపు బలహీనత, ముక్కులోంచో చెవిలోంచో నీళ్లలా కారడం: వీటిలో ఏ ఒక్కటున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. హోసూరు రోడ్డులో మెదడు, మానసిక జబ్బులకు వైద్యం చేసే నిమ్హాన్స్ ఆస్పత్రిలో అత్యవసర విభాగం రాత్రీపగలూ పనిచేస్తుంది. గర్భిణి అయినా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ఆ మాట ముందే చెప్పాలి.

గొంతు పిసికిన కేసును అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. మెడ మీద ఒక్క మచ్చా లేకపోవచ్చు. కానీ లోపల మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం పొర చిట్లితే, అక్కడ గడ్డ కట్టి కొన్ని గంటలకో రోజులకో పక్షవాతం రావచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగలేకపోవడం, కళ్లలో ఎర్రచుక్కలు, ఆ సమయంలో తెలియకుండానే మూత్రం పోవడం డాక్టరుకు విడిగా చెప్పండి. మెడ రక్తనాళాలకు స్కాన్ కావాలా అని మీరే అడగండి.

సీటీ స్కాన్‌లో ఏమీ లేదన్నంత మాత్రాన మెదడు అదరలేదని (కంకషన్ కాలేదని) కాదు. ఆ అదురు స్కాన్‌లో కనబడదు. మొదటి 24 నుంచి 48 గంటలు విశ్రాంతి, ఆపైన కొద్దికొద్దిగా పనులు. నిద్రమాత్రలు, మద్యం వద్దు. "ఇంట్లో ఎవరైనా కనిపెట్టుకుని ఉండాలి" అని రాసి పంపిస్తారు. ఆ ఇంట్లో ఉన్నది కొట్టినవాడే అయితే ఆ సంగతి డాక్టరుకు చెప్పి తీరాలి. కోలుకోకముందే రెండో దెబ్బ తగిలితే నష్టం ఎక్కువ. ఆశ్రయం కోసం మహిళల సహాయ నంబరు 181కి, ప్రాణభయం ఉంటే 112కి ఫోన్ చేయండి. 2005 నాటి గృహహింస చట్టం ప్రకారం ముందుగా ఫిర్యాదు ఇవ్వలేదని వైద్యం నిరాకరించకూడదు.

మతిమరుపు, చిరాకు, నిద్ర పట్టకపోవడం తలదెబ్బ వల్లా వస్తాయి, భయం వల్లా వస్తాయి. తరచూ రెండూ కలిసే ఉంటాయి. పీడకలలు, తలుపు చప్పుడుకే ఉలిక్కిపడటం, ఆ గది వైపే వెళ్లలేకపోవడం మానసిక గాయాన్ని సూచిస్తాయి. వెలుతురు పడకపోవడం, తల తిరగడం తలదెబ్బ వైపు చూపిస్తాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలి మానస్ 14416లో తెలుగు ఎంచుకుని మాట్లాడవచ్చు. నెల దాటినా తగ్గకపోతే జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షలు చేయమని నిమ్హాన్స్‌లో అడగండి.

జరిగింది ఆమె ఒక్కోసారి ఒక్కోలా చెబితే అబద్ధమని తేల్చేయకండి. దెబ్బతిన్న మెదడు వరుస తప్పుతుంది. పదే పదే చెప్పించకుండా, ఆమె ఒప్పుకుంటే ఒక్కసారి తేదీతో సహా రాసిపెట్టండి. ఆ కాగితం, ఆస్పత్రి చీటీలు ఆమె ఫోన్‌లో కాకుండా నమ్మకమైన పక్కింటావిడ దగ్గర ఉంచండి.