మనవాళ్ల గురించి వికీపీడియాలో రాసే ముందు

"సవరించు" నొక్కే ముందు ఒక్క నిమిషం ఆగండి. ఆ వ్యాసం మీ గురించా, మీ నాన్నగారి గురించా, మీరు పనిచేసే కాలేజీ గురించా? అయితే నేరుగా చెయ్యి పెట్టకపోవడమే మంచిది.

- డబ్బు తీసుకుని రాస్తుంటే, ఎవరిస్తున్నారో, ఎవరి తరఫునో చెప్పి తీరాలి. 2014 నుంచి ఇది వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ వాడుక నియమాల్లోనే ఉంది. ఆ సంగతి మీ ఖాతాకుండే వాడుకరి పేజీలో గానీ, వ్యాసం గురించి మాట్లాడుకునే చర్చా పేజీలో గానీ, మార్పును భద్రపరిచేటప్పుడు రాసే దిద్దుబాటు సారాంశంలో గానీ రాయండి. ఆఫీసు పనిగా రాసినా ఇదే లెక్క.

- కావలసిన మార్పును చర్చా పేజీలో మూలంతో (ఆ సమాచారం ఎక్కడిదో చూపే ఆధారంతో) సహా అడగండి. సంస్థతో సంబంధం లేని పత్రికలో వచ్చింది పనికొస్తుంది. సొంత బ్రోషర్‌లోని పొగడ్త పనికిరాదు.

- అక్షరదోషాలు, ఎవరో రాసిన బూతులు సరిచేస్తే ఎవరూ కాదనరు.

- మూలం ఉన్న నిజం మీకు నచ్చలేదని తీసేయకండి. నాకు అన్నిటికంటే ముఖ్యం ఇదే. చాలా విషయాలకు తెలుగులో మన పిల్లలకు దొరికేది ఆ ఒక్క పేజీయే.

- రెండో ఖాతా తెరిచి మీ మాటకు మీరే మద్దతు ఇవ్వకండి. బయటపడితే ఖాతాలను నిరోధిస్తారు.