కాఫీ కొనేముందు అడగాల్సిన రెండు తేదీలు

కాఫీ ప్యాకెట్ మీద ‘ఫలానా నెలలోపు వాడాలి’ అని అచ్చేసిన తేదీని బట్టి రుచి చెప్పలేం. అడగాల్సినవి వేరే రెండున్నాయి: గింజ ఏ పంటది, ఎప్పుడు వేయించారు. విజయనగరంలో ఉన్నవాళ్లకి ఈ ప్రశ్నలు వేయడం ఇంకా తేలిక, ఎస్.కోట దాటి ఘాటెక్కితే తోటలే కదా.

అరకు, పాడేరు వైపు అరబికా రకం కాఫీ పండ్లు నవంబరు నుంచి జనవరి దాకా కోస్తారు, కొన్నిచోట్ల ఫిబ్రవరి కూడా పడుతుంది. చిక్కమగళూరు, కొడగులో అరబికాకి దాదాపు అదే కాలం, రోబస్టా అనే మరో రకానికి జనవరి నుంచి మార్చి. కోసిన పండు వెంటనే కాఫీ కాదు. తొక్క తీసి, పులియబెట్టి, కడిగి, తేమ 11 శాతం దరికి వచ్చేదాకా ఎండబెట్టాలి. ఆపైన పెంకు పొరతోనే ఒకట్రెండు నెలలు ఉంచి మరపట్టిస్తారు. అందుకే సంక్రాంతికే ‘ఈ ఏడు కొత్త పంట’ అంటే మళ్లీ ఒకసారి అడగండి. కొత్త గింజ బాగా దొరికేది ఉగాది దాటాకే.

పచ్చి గింజ, అంటే వేయించనిది, సరిగ్గా నిలవ చేస్తే ఏడాది దాకా పనికొస్తుంది, కానీ వట్టి గోనెసంచిలో అంతకాలం ఆగదు. సిరిమానోత్సవం నాటికి మన పంటకి తొమ్మిది నెలలు దాటుతాయి. అప్పటికి మే–సెప్టెంబరు మధ్య కోసిన బ్రెజిల్ గింజ కొత్తది. ఇథియోపియా, వియత్నాంలలో కోత సుమారు అక్టోబరు నుంచి జనవరి దాకా. కొలంబియా భూమధ్యరేఖ పక్కనే ఉంది కాబట్టి అక్కడ ఏడాదికి రెండు కోతలు. బయటి గింజకి ఓడ ప్రయాణం కలుపుకుని లెక్కేసుకోండి.

పచ్చి గింజ కొంటే గుప్పెడు తీసుకుని వెలుతురులో చూడండి. కడిగి ఎండబెట్టిన కొత్త గింజ నీలి ఛాయ ఉన్న ఆకుపచ్చలో ఉంటుంది, పాతబడేకొద్దీ గడ్డి రంగుకి తిరిగి గోనె వాసన వేస్తుంది. పండుగానే ఎండబెట్టిన గింజ మొదట్నుంచీ కాస్త పసుపే. మాన్సూన్డ్ మలబార్‌నైతే పడమటి తీరంలో వానగాలికి కావాలనే తెల్లబరుస్తారు, దాన్ని పాతదనుకోకండి.

వేయించాక లెక్క నెలల్లో కాదు, వారాల్లో. వేయించిన గింజలోంచి కార్బన్ డయాక్సైడ్ వస్తూ ఉంటుంది. మొదటి నాలుగైదు రోజులు అది మరీ ఎక్కువ, పొడి సమంగా తడవదు. ఐదో రోజు నుంచి నాలుగైదు వారాల దాకా మంచి రోజులు. ప్యాకెట్ ఉబ్బిందని వెనక్కిచ్చేయకండి, చాలాసార్లు అది తాజాదనానికే గుర్తు. పొడి కొట్టించారా, వారం పది రోజుల్లో ముగించండి.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. ఫిల్టర్ పైగిన్నెలో చికోరీ లేని పొడి 20 గ్రాములు వేసి, మరిగి దించిన నీళ్లు 40 మిల్లీలీటర్లు తడిపేలా పోసి అర నిమిషం చూడండి. పొడి పొంగి బుడగలొస్తే తాజాది. బురదలా కూర్చుంటే పాతది, లేదా పొడి కొట్టి చాలా రోజులైంది. తర్వాత మరో 80 మిల్లీలీటర్లు పోస్తే డికాషన్ దిగుతుంది. చికోరీ కలిసిన పొడితో ఈ పరీక్ష చేయొద్దు. చికోరీ రంగు, చిక్కదనం ఇచ్చి పాతదనాన్ని కప్పేస్తుంది, పైగా గాలిలో చెమ్మ పీల్చి గడ్డ కడుతుంది.

శ్రీకాకుళం తీరంలో గింజకి పెద్ద శత్రువు ఆ చెమ్మే. పొయ్యి పైనున్న అలమరలో, పోపులపెట్టె పక్కన ఇంగువకి తోడుగా కాఫీ పెట్టకండి, వాసన లాగేస్తుంది. పెద్ద డబ్బా సగం ఖాళీగా ఉంటే లోపలి గాలే రుచి పాడుచేస్తుంది, డబ్బా చిన్నది చేయండి. రోజుకి 40 గ్రాములు వాడే ఇంటికి పావుకిలో ఆరు రోజులు, అంతకంతే కొనడం మేలు. ఎక్కువ కొన్నారంటే 100 గ్రాముల చొప్పున గాలి తీసి మూసి ఫ్రీజర్‌లో పెట్టండి. ఫ్రీజర్ కింద ఉండే మామూలు ఫ్రిజ్ అరల్లో మాత్రం వద్దు, తలుపు తీసినప్పుడల్లా చెమ్మ పడుతుంది. రాత్రి బయట పెట్టి, చల్లదనం పూర్తిగా పోయాక పొద్దున్నే విప్పాలి. చల్లగా ఉండగా విప్పితే గింజ మీద నీరు పడుతుంది. విప్పిన ప్యాకెట్ మళ్లీ లోపల పెట్టొద్దు.

పాత నూనె వాసన వచ్చిన గింజకి విరుగుడు లేదు. అట్టముక్క రుచి మాత్రమే ఉంటే పొడి మరో మూడు గ్రాములు పెంచి చల్లటి కాఫీకి వాడేసుకోవచ్చు.