ఎత్తు స్టూలు తయారీ – 3వ పాఠం: ఏ సామాను ఎక్కడ?

కిందటి పాఠంలో కొలతలు తేల్చుకున్నాం. కౌంటరు 42 అంగుళాలైతే స్టూలు 30, వంటగట్టు 36 అయితే 24 నుంచి 26. ఇప్పుడు సామాను సంగతి. ఇలాంటి ఎత్తు స్టూలును బార్ స్టూలు అంటే సిరోంచలో నవ్వుతారు. మహారాష్ట్రలోని మన గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం, ఇక బారెక్కడిది? మనకు కావలసింది జ్యూస్ సెంటర్లకు, టిఫిన్ కౌంటర్లకు, కొత్త ఇళ్ల వంటగట్లకు.

చాలామంది కూర్చునే పలక మీదే డబ్బు పోస్తారు. మామూలు కుర్చీ కంటే 30 అంగుళాల స్టూలు అడుగు ఎక్కువ ఎత్తు. కూర్చున్నవాడు వెనక్కి వాలినా, పక్కవాడితో మాట్లాడదామని గిర్రున తిరిగినా ఆ గుంజుడంతా కాళ్లూ అడ్డకర్రలూ కలిసే అతుకుల మీదే పడుతుంది. మేలైన కర్ర అక్కడ వాడండి. పలకకు మామిడి చెక్క చాలు.

కాళ్లకు నా ఓటు టేకుకే. ఆలపల్లి టేకు పేరు తెలియనివాళ్లు మన వైపు లేరు. అయోధ్య రామమందిరం తలుపులకు 2023లో బల్లార్‌పూర్ డిపో నుంచి వెళ్లింది మన అడవుల టేకే. ధర వినగానే టెన్షన్ పడకండి, ముందు లెక్క వేయండి. 2×2 అంగుళాల మందం, 30 అంగుళాల పొడవు ఉన్న కాళ్లు నాలుగు కలిపితే 480 ఘనపుటంగుళాలు. 1728తో భాగిస్తే 0.28 ఘనపుటడుగు. అడ్డకర్రలు, కోతలో పోయే తరుగు కలిపినా సగం ఘనపుటడుగు దాటదు. బిల్లు, అటవీశాఖ పాసు లేని కర్ర ఎంత చవకైనా వద్దు.

నల్లమద్ది కూడా గట్టిదే. కానీ బరువెక్కువ, ఎండేటప్పుడు పగుళ్లిస్తుంది. స్టూలును రోజూ అటూ ఇటూ జరపాలి కదా, అందుకే నేను వాడను.

సామిల్లులో ముక్క కొసను చూడండి. ముదురు గోధుమ రంగున్నది చేవ, అంచున తెల్లగా ఉన్నది పురుగుకు మేత. కాళ్లకు తెల్ల భాగం రానివ్వకండి. తర్వాత తడి. పచ్చి కర్రతో బిగించిన అతుకు మే ఎండలకు కుంచించుకుని కదులుతుంది. ఒక ముక్కను కిరాణా కొట్టు కాటా మీద తూచి, బరువును పెన్సిలుతో దాని మీదే రాయండి. నీడలో ఆరబెట్టి వారానికోసారి తూచండి. బరువు తగ్గడం ఆగిందాకా ఉలి ముట్టొద్దు.

ఇనుముతో చేసేవారు అంగుళం చదరపు పైపు, 16 గేజీ తీసుకోండి. గేజీ అంకె పెరిగేకొద్దీ రేకు మందం తగ్గుతుంది. 20 గేజీ పలచన, వెల్డింగులో చిల్లు పడుతుంది. కాళ్ల అడుగున ప్లాస్టిక్ బుష్ (మూత) తప్పనిసరి. లేకపోతే కడిగిన నీళ్లు లోపలికి చేరి తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది.

పాదం ఆనే కమ్మీ సీటుకు 16 నుంచి 18 అంగుళాల కింద ఉండాలి. చెప్పుల రాపిడికి కర్ర అరుగుతుంది కనుక పైన స్టీలు పట్టీ వేయండి. స్టెయిన్‌లెస్ స్టీలులో 304 రకం మేలు, 202 రకంలో నికెల్ తక్కువ, త్వరగా మచ్చలు పడుతుంది. కొట్లో అయస్కాంతం పెట్టి చూపిస్తే నమ్మకండి, రెండూ దాదాపు అంటుకోవు. బిల్లు మీద 304 అని రాయించుకోండి.

మెత్తని సీటు కావాలంటే 40 డెన్సిటీ ఫోమ్, పైన రెగ్జిన్. జ్యూస్ సెంటరుకైతే ఉత్త పలకే నయం, తుడిస్తే సరి.

ఈ వారం పని: రెండు కాళ్ల ముక్కలు కొని తూచి, బరువు రాసి పెట్టండి. బరువు నిలకడకు వచ్చాక 4వ పాఠంలో వాటికే బెజ్జాలు కొడదాం.