నేలసంపెంగ దుంపలను తవ్వి, విడదీసి, మళ్లీ నాటడం ఎలా?

పర్లాకిమిడి చుట్టుపక్కల పెరళ్లలో నేలసంపెంగ వేసినవారు తరచుగా చెప్పే ఫిర్యాదు ఒక్కటే: మొదటి ఏడాది బాగా పూసింది, ఆ తరువాత ఆకు గుబురుగా ఉంది గాని పూకాడలు రావడం లేదు. తప్పు ఎరువుది కాదు. ఒకసారి పూసిన దుంప మళ్లీ పూయదు. దాని చుట్టూ పుట్టిన పిల్లదుంపలు ఎదిగి పూయాలి. వాటిని ఏళ్ల తరబడి కదపకుండా ఉంచితే ఒకదానినొకటి ఒత్తుకుంటూ చిన్నవిగానే మిగిలిపోతాయి.

డిసెంబరు నుంచి నీరు తగ్గించి, ఆకులు పసుపు రంగుకు తిరిగాక గునపంతో దూరం నుంచి పెకలించి గుత్తిని పైకెత్తండి. మట్టి దులపండి, కడగవద్దు.

అసలు జాగ్రత్త విడదీయడంలోనే ఉంది. గుత్తి నడుమ, ఎండిన పూకాడ మొండెం అంటుకొని, ముడతలు పడి కనిపించేది తల్లిదుంప, దానిని పారవేయాలి. పిల్లదుంపలను కత్తితో కోయకూడదు, చేతితోనే మెల్లగా మెలిపెట్టి విడదీయాలి. ప్రతి పిల్లకూ అడుగున వేళ్లు పుట్టే గట్టి బిళ్ల ఉండి తీరాలి. అది తల్లికే అంటుకుపోతే, పైభాగం ఎంత నిగనిగలాడినా నాటిన తరువాత కుళ్లుతుంది. 2 సెంటీమీటర్లకు తక్కువ మందం ఉన్నవాటిని వేరే మడిలో పెంచండి, ఆ ఏడాది పూలు ఆశించకండి. వేలితో నొక్కితే మెత్తగా తగిలేది ఒక్కటి కూడా ఉంచవద్దు.

తవ్విన వెంటనే నాటడం ఇక్కడ చాలామంది చేసే పొరపాటు. మెక్సికో నుంచి వచ్చిన ఈ మొక్కకు విశ్రాంతి అవసరం. గాలి ఆడే నీడలో, చేటలో పలుచగా పరచి, నాలుగు వారాలకు తగ్గకుండా ఆరబెట్టాలి. ఎండలో పెట్టరాదు, గోనెసంచిలో కుక్కరాదు. కొందరు వరి ఊక మీద పరుస్తారు. నేను ససేమిరా ఒప్పుకోను. వరి ఆకు కొనలను తెల్లబరిచే నులిపురుగే నేలసంపెంగ మొగ్గలనూ పాడుచేస్తుంది, గింజ పొట్టు కింద ఎండి బతికే ఉంటుంది.

మార్చిలో, ఎండ తగిలేచోట, మహేంద్రతనయ ఒడ్డున దొరికే లాంటి ఇసుక కలిసిన నేలలో, 5 సెంటీమీటర్ల లోతున, జానెడు ఎడంగా నాటి ఒక తడి ఇవ్వండి. మొలక కనిపించేదాకా మళ్లీ నీరు పోయవద్దు. రకం ఎంచుకునే వీలుంటే, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన ఒంటిరెక్క రకం ప్రజ్వల్ తీసుకోండి. ముద్ద రకాల పూలు అందమే గాని, సువాసన ఒంటిరెక్క పూలదే.

సుమారు మూడు నెలలకు కాడలు వస్తాయి. రాత్రి తిరిగే చిమ్మటల కోసం ఈ పూలు చీకటి పడ్డాకే ఎక్కువగా గుబాళిస్తాయి కనుక, దండకైతే తెల్లవారకముందే మొగ్గలు కోయండి; కూజాలో పెట్టడానికైతే అడుగున రెండు పూలు విచ్చిన కాడను కోయండి.