రిసెప్షన్‌లో ముగ్గురన్నదమ్ములు కలిసి 'రన్ టు మీ' పాడాలంటే

నల్గొండలో ఇప్పుడు ఏ రిసెప్షన్‌కు పోయినా ఇంటివాళ్లు కరావోకే పెట్టుకుని ఒక పాటైనా పాడాల్సిందే. మీ ఇంట్లో అన్నదమ్ములో, చిన్నాయన కొడుకులో ముగ్గురు పాడేవాళ్లుంటే, గిబ్ ఇంటి ముగ్గురన్నదమ్ముల ఇంగ్లీషు బ్యాండ్ బీ గీస్ పాట ఎత్తుకోండి. కాకపోతే 1977 నాటి డిస్కో పాటల జోలికి మాత్రం వద్దు, వాటిలోని ఆ సన్నని పై గొంతు వాళ్లలో పెద్దవాడు బ్యారీ గిబ్‌కే 1975లో గానీ బయటపడలేదు, మనకు పెళ్లిలోపు ఏం వస్తుంది! 1972లో వచ్చిన 'రన్ టు మీ' తీసుకోండి. బ్రిటన్‌లో తొమ్మిదో స్థానం దాకా పోయిన పాటే గానీ మన దగ్గర విన్నవాళ్లు తక్కువ, కాబట్టి ఒరిజినల్‌తో పోల్చి పేర్లు పెట్టేవాళ్లు హాల్లో దాదాపు ఉండరు.

ముందు ఇయర్‌ఫోన్స్‌తో వినండి. మొదట బ్యారీ ఒక్కడే మెల్లగా ఎత్తుకుంటాడు, పల్లవి దగ్గరికి రాగానే కవల తమ్ముళ్లలో ఒకడైన రాబిన్ వణుకున్న గొంతుతో ముందుకొస్తాడు, అక్కడే గొంతులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. మీ పనంతా ఆ పల్లవి మీదే, మిగతాది ఒకడు శ్రుతి తప్పకుండా పాడితే అయిపోతుంది.

అసలు ఇబ్బంది ఏంటంటే, బతుకమ్మ పాటైనా భజనైనా మనం చిన్నప్పటి నుంచి అందరం ఒకే వరుస అందుకుని పాడటానికి అలవాటుపడ్డాం. అందుకే వేరే వరుస పాడమంటే రెండు లైన్లు కాగానే తమ్ముడు మెల్లగా అన్న వరుసలోకి జారిపోతాడు. దీనికి మందు ఒక్కటే, రెండో వరుసను విడి పాటలా నేర్చుకోవడం. అన్నను పక్క గదిలోకి పంపండి. తమ్ముడు తన వరుసను కీబోర్డు మీద ఒక్కో స్వరం పట్టుకుని నేర్చుకుని, ఫోన్‌లో రికార్డు చేసుకుని, బండి మీద పోతున్నా అదే కూనిరాగం తీయాలి. అది ఒంటరిగా వింటే కొంచెం వింతగానే ఉంటుంది, పట్టించుకోవద్దు.

ఆ వరుస ఎలా కట్టాలి? శంకరాభరణం రాగం స్వరాలు, అంటే C మెట్టును స అనుకుంటే కీబోర్డు మీద తెల్ల మెట్లు చాలు. అన్న స-రి-గ పాడితే తమ్ముడు గ-మ-ప, అంటే మధ్యలో ఒక మెట్టు వదిలి పైది. మూడోవాడికి పంచమమో, కింది స్వరమో. అన్నిచోట్లా ఈ లెక్క కుదరదు, కార్డ్, అంటే వెనక కలిపి మోగే స్వరాల గుంపు, మారిన చోట చెవికి గుచ్చుకుంటే ఆ ఒక్క స్వరాన్ని పైకో కిందికో జరపండి. రోజూ మొదలుపెట్టే ముందు తంబురా యాప్ పెట్టి ఒకడు స, ఒకడు గ పట్టి నిలబడండి. రెండు గొంతుల మధ్య ఏదో కొట్టుకుంటున్నట్టు వినిపించే అల నెమ్మదించి ఆగిపోతే కలిసినట్టే. కీబోర్డు గాంధారం దీనికంటే కొంచెం ఎక్కువలో ఉంటుంది, అందుకే ఈ సాధన తంబురాతోనే చేయండి.

ఇంకో సంగతి ఇంగ్లీషు మాటల చివర్లు. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ఆగుతాయి, వాళ్లవి 'ట్', 'స్' అని తెగుతాయి. ముగ్గురూ మూడుసార్లు తెంపితే రేకుల మీద వడగళ్లు పడ్డట్టుంటుంది. చివరి హల్లు ఒక్కడే పలకాలి, మిగతా ఇద్దరూ అచ్చు దగ్గరే ఆపేయాలి.

స్థాయి ఎక్కువనిపిస్తే యాప్‌లో ట్రాక్‌ను రెండు మెట్లు దించుకోండి, అందులో సిగ్గుపడేదేం లేదు. వరుసలెవరివో కూడా వయసును బట్టి కాదు, గొంతును బట్టి పంచుకోండి, పెద్దన్నకు కోపమొస్తే చరణం ఇచ్చేయండి.

ఫంక్షన్ హాల్లో సౌండ్ బాక్సుల అతన్ని ముందే కలిసి ఎకో పూర్తిగా తీసేయమనండి, లేకపోతే మూడు వరుసలూ ముద్దయిపోతాయి. ముగ్గురూ ఒకరి మూతి ఒకరికి కనపడేలా అర్ధచంద్రంలో నిలబడండి. రాబిన్ స్టేజీ మీద ఒక చేయి చెవికి అడ్డం పెట్టుకుని పాడేవాడు, మీరూ పెట్టుకోండి, అంత గోలలోనూ సొంత గొంతు వినిపిస్తుంది. పాట మాత్రం భోజనాలకు ముందే అయిపోవాలి, బగారా అన్నం వాసన వచ్చాక స్టేజీ వైపు చూసే చుట్టం ఉండడు, బరాత్‌కు డీజే మొదలైతే ఇక మీ మైకు మీకే వినపడదు.