పదాల పుట్టుక – 3వ పాఠం: కులీ, కూలి, దస్తీ

ఈసారి పని కాస్త కష్టం. ఒకేలా వినిపించే రెండు మాటలు నిజంగా చుట్టాలో కాదో తేల్చుకోవడం నేర్చుకుందాం.

1591లో హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా పేరు తీసుకోండి. ఆ 'కులీ', మన 'కూలి' ఒకటేనని కొందరంటారు. సేవకుడు, కూలిమనిషి... అర్థాలూ దగ్గరే కదా అనిపిస్తుంది. తొందరపడకుండా ముందు మాటను విడగొట్టండి. తుర్కీ భాషల్లో 'కుల్' అంటే బానిస. మంగోలియాలో ఓర్ఖోన్ లోయలో, క్యుల్ తెగిన్ అనే తుర్కీ రాజకుమారుడి పేరున ఉన్న 732 నాటి శాసనంలోనే ఆ మాట ఉంది. (ఆ రాజకుమారుడి పేరులోని 'క్యుల్' వేరే మాట. ఆ లిపిలో రెంటికీ 'క' అక్షరమే వేరు.) చివర ఉన్న 'ఈ' తుర్కీలో 'అతని' అని చెప్పే ప్రత్యయం. అలీ కులీ అంటే అలీకి బానిస అన్నమాట. చరిత్ర కూడా కలిసొస్తుంది: గోల్కొండ రాజ్యం స్థాపించిన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ వైపు నుంచి వచ్చిన తుర్కుమాన్, అంటే తుర్కీ తెగవాడు.

మన కూలిని అలా విడగొట్టలేం. పైగా దాని అసలు అర్థం మనిషి కాదు, పనికిచ్చే డబ్బు. తమిళంలోనూ అంతే. ఒళ్లు వంచిన కష్టానికి కూలి దక్కుతుందని తిరుక్కురళ్ 619వ పద్యంలో ఉంది. తుర్కీ సైన్యాలు దక్షిణాదికి రావడానికి అది వందల ఏళ్ల ముందు మాట. కాబట్టి ఈ పోలిక కాకతాళీయం.

ఇక పోలికే కనిపించని జంట. తెలంగాణలో చేతిరుమాలును దస్తీ అంటారు. ఫార్సీలో 'దస్త్' అంటే చెయ్యి. అది సంస్కృత 'హస్త'కు తోబుట్టువు! ఎలా నమ్మడం? ఒక్క జంట చూపిస్తే చాలదు, వరస కావాలి. చేతికి సంస్కృతంలో హస్త, పార్సీల పవిత్ర గ్రంథమైన అవెస్తా భాషలో జస్త, ప్రాచీన పర్షియన్‌లో దస్త. బంగారానికి హిరణ్య, జరణ్య, దరనియ. 'నేను' అనడానికి అహం, అజెం, అదం. హ, జ, ద... మూడుసార్లూ అదే వరస. నాకు ఈ శాస్త్రంలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. కులీ–కూలి పక్కన పెట్టడానికి ఇలాంటి రెండో జంట దొరకదు.

అభ్యాసం: బాహువు, బాజుబందు. రెండోదాంట్లోని 'బాజూ' ఫార్సీ మాట, అర్థం చెయ్యే. వీటిని పై వరసలో పెట్టి చూడండి. దస్త్‌లో 'ద' వచ్చిన చోట ఇక్కడ 'జ' ఎందుకుంది? ప్రాచీన ఇరాన్‌లో మాండలికాలు ఒకటి కాదన్న సంగతి గుర్తుపెట్టుకుని జవాబు రాయండి. 4వ పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.