వలస గబ్బిలం రక్తపరీక్ష – 3వ పాఠం: ట్రైగ్లిసరైడ్ల లెక్క

గబ్బిలాన్ని పట్టుకునే పద్ధతి, అనుమతులు, రేబిస్ టీకా గత పాఠాల్లో అయిపోయాయి. ఈసారి రక్తం తీసి, అది కాసేపటి క్రితం మేత మేసిందో లేదో తేలుద్దాం. మనం తీసుకున్న జాతి నాథూసియస్ పిపిస్ట్రెల్. బరువు 6–10 గ్రాములు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో లాత్వియా తీరంలోని పాపే మీదుగా నైరుతి వైపు వలసపోతుంది. ముంజేతికి తొడిగిన రింగుల వల్ల, కొన్ని 2,000 కిలోమీటర్లు దాటి వెళ్ళాయని తెలిసింది.

గ్రాము కొవ్వు కాలితే దాదాపు 39 కిలోజౌళ్ళ శక్తి వస్తుంది, ప్రోటీన్ అయితే సుమారు 17. అయినా నేల మీద పరుగెత్తే చిన్న జంతువులు రక్తంలో వచ్చే కొవ్వును అంత వేగంగా వాడుకోలేవు. ఎగిరే గబ్బిలం వాడుకోగలదు. కొవ్వు ఆమ్లాలు రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని కండరం దాకా వస్తాయి, లోపల వేరే ప్రోటీన్లు వాటిని అందుకుంటాయి. తిన్న పురుగుల కొవ్వు మాత్రం ట్రైగ్లిసరైడ్ల (గ్లిసరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కున్న అణువులు) రూపంలో తిరుగుతుంది. మేత ఆగితే ఆ మోతాదు పడిపోతుంది. మన పరీక్షకు ఆధారం ఇదే.

7 గ్రాముల గబ్బిలంలో మొత్తం రక్తం సుమారు 500 మైక్రోలీటర్లు. అందులో పదో వంతు, అంటే 50 మైక్రోలీటర్లు దాటకండి. లోపలి వ్యాసం 1.1 మిల్లీమీటర్లున్న హిపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) పూసిన క్యాపిల్లరీ ట్యూబులో, అంటే సన్నటి గాజు గొట్టంలో, ఒక మిల్లీమీటరు పొడవుకి 0.95 మైక్రోలీటర్లు పడతాయి. కాబట్టి 50 మిల్లీమీటర్ల దగ్గర ముందే మార్కరుతో గీత పెట్టుకోండి. చీకట్లో, హెడ్‌ల్యాంపు వెలుగులో, అంచనాలు నమ్మదగినవి కావు.

తోక పొరలో కాలి పక్కగా పోయే సిరను సన్నటి సూదితో ఒకసారి గుచ్చి, పైకి వచ్చిన చుక్కకు ట్యూబు ఆనించండి. పిండకూడదు. పిండితే ఎర్రకణాలు పగిలి ప్లాస్మా (కణాలు తీసేశాక మిగిలే రక్త ద్రవం) ఎర్రబడుతుంది. ఆ కణాల్లోని హిమోగ్లోబిన్ కూడా 540 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది, మన పరీక్షలో వచ్చే రంగును చదివేదీ అక్కడే. దాంతో అంకె అబద్ధంగా పెరుగుతుంది. అలాంటి శాంపిల్‌ను పారెయ్యండి, సర్దుబాటు లెక్కలకు పోవద్దు. తర్వాత దూదితో నొక్కి ఉంచి, రక్తం పూర్తిగా ఆగాకే వదలండి.

చేతికి రాసుకున్న లోషన్ కూడా కొంప ముంచుతుంది. చాలా లోషన్లలో గ్లిసరిన్ ఉంటుంది, గ్లిసరాల్ అన్నా అదే. ఈ పరీక్ష ట్రైగ్లిసరైడ్లను విడగొట్టి, కొలిచేది గ్లిసరాల్‌నే.

వలలో పడిన నిమిషం, రక్తం తీసిన నిమిషం రెండూ రాయండి. మధ్యలో 10 నిమిషాలు దాటకుండా చూడండి. పట్టుకున్నాక గబ్బిలాన్ని ఉంచే సంచీలో ఉన్నంతసేపూ మేత లేదు కనుక ట్రైగ్లిసరైడ్లు తగ్గుతాయి, భయంతో గ్లూకోజు పెరుగుతుంది. సమయం రాయని శాంపిల్‌కి విలువ లేదని నా అభిప్రాయం.

ట్యూబును వెంటనే మంచు మీద పెట్టి, వీలైనంత త్వరగా సెంట్రిఫ్యూజ్ చేయండి, అంటే వేగంగా తిప్పి కణాలను వేరుచేయండి. గబ్బిలం రక్తంలో కణాలే సగానికి పైగా ఉంటాయి, అందువల్ల 50కి దాదాపు 20 మైక్రోలీటర్ల ప్లాస్మానే చేతికొస్తుంది. అది పాలలా ఉంటే మేత బాగా దొరికిందనుకోవచ్చు. −80 డిగ్రీల దగ్గర దాచండి.

ప్లేటు గుంటలో 5 మైక్రోలీటర్ల ప్లాస్మా, 240 మైక్రోలీటర్ల మొదటి రీఏజెంట్ (పరీక్ష ద్రావణం) పోసి, 37 డిగ్రీల్లో 10 నిమిషాలు ఉంచి చదవండి. వచ్చేది విడి గ్లిసరాల్, అంటే ట్రైగ్లిసరైడ్లలో లేకుండా ముందే విడిగా ఉన్నది. అందులోనే లైపేజ్ (ట్రైగ్లిసరైడ్లను విడగొట్టే ఎంజైమ్) ఉన్న రెండో రీఏజెంట్ 60 మైక్రోలీటర్లు కలిపి, మళ్ళీ 10 నిమిషాలాగి చదివితే మొత్తం గ్లిసరాల్ వస్తుంది. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే ట్రైగ్లిసరైడ్లు. ఘనపరిమాణం 245 నుంచి 305కి మారింది కాబట్టి స్టాండర్డును (గాఢత ముందే తెలిసిన ద్రావణాన్ని) కూడా రెండుసార్లు చదవాలి. చాలామంది తప్పేది ఇక్కడే.

అభ్యాసం (అంకెలు ఊహించినవి): మొత్తం 2.1, విడి 0.6 మిల్లీమోల్స్ లీటరుకి. ట్రైగ్లిసరైడ్లు 1.5. ఇదే గబ్బిలం 40 నిమిషాలు సంచీలో ఉండి ఉంటే, ఈ 1.5ని మేత ఆపేసిన గబ్బిలం అంకెగా రాస్తారా? కారణంతో సహా రాసి ఉంచుకోండి. వచ్చే పాఠంలో బీటా-హైడ్రాక్సీబ్యూటిరేట్‌తో (మేత లేనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం) కలిపి చూద్దాం.